అక్రిలిక్ రంగులతో పోర్ట్రెయిట్ వేయడం ఎలా? చర్మపు ఛాయల దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు

అక్రిలిక్‌తో మనిషి ముఖం వేయాలనుకునేవారు సాధారణంగా కళ్ల గురించో పెదవుల గురించో భయపడతారు. నిజానికి పోలిక చక్కగా కుదిరిన చిత్రాలు సైతం పాడయ్యేది బుగ్గ మీద, వెలుగు పడిన చర్మం మెల్లగా నీడలోకి మళ్లే చోట. అక్కడ మచ్చలు తేలి, బ్రష్ గీతలు పైకి కనబడి, సున్నం పూసినట్టు పాలిపోయిన బొమ్మలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే వాటిలో చాలావాటికి కారణం చేయి తిరగకపోవడం కాదు, ఆయిల్ రంగులకు సరిపోయే పద్ధతిని అక్రిలిక్ మీద ప్రయోగించడం. కాబట్టి సామగ్రినీ స్కెచ్‌నూ త్వరగా ముగించి, ఆ ఒక్క దశను వివరంగా చెబుతాను.

సామగ్రి

గెస్సో (రంగు బాగా పట్టేందుకు ముందుగా వేసే తెల్లని అడుగు పూత) పూసిన కాన్వాస్ గానీ బోర్డు గానీ 12 × 16 అంగుళాలకు తగ్గకుండా తీసుకోండి. అంతకంటే చిన్నదైతే ముఖంలో ఛాయలకు చోటు చాలదు. సింథటిక్ ఫ్లాట్ బ్రష్‌లు మూడు సైజుల్లో, సన్నని రౌండ్ బ్రష్ ఒకటి, నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, గ్లేజింగ్ మీడియం (రంగును పలచగా, పారదర్శకంగా చేసే ద్రవం) ఒక సీసా, నీళ్లకు రెండు పాత్రలు ఉంటే సరిపోతుంది. పాలెట్‌గా అంచులున్న పళ్లెంలో తడి గుడ్డ పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వేసుకోండి. అడుగున తేమ ఉన్నంతసేపూ పైన కలిపిన రంగు ఎండిపోకుండా నిలుస్తుంది.

రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్, బర్న్ట్ సియెన్నా (ఎరుపు కలిసిన గోధుమ), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరైన్ బ్లూ. నల్ల రంగు ట్యూబు అవసరం లేదు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ అంబర్ కలిపితే దాదాపు నలుపే వస్తుంది, పైగా దానిని వెచ్చగానో చల్లగానో మార్చుకునే వీలు మీ చేతిలోనే ఉంటుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో ప్రసిద్ధమైన నాలుగు రంగుల పాలెట్‌లో నలుపు ఉంది కదా అని కొందరు అడుగుతారు. తెలుపు, ఎల్లో ఓకర్, వెర్మిలియన్ అనే ఎరుపులతో పాటు అందులో ఉన్న ఆ నలుపు చేసే పని నీలం చేసే పనే. మన దగ్గర నీలమే ఉన్నప్పుడు దాని బదులు మరొకటి ఎందుకు? ఇక చర్మపు రంగు అనే పేరుతో సిద్ధంగా అమ్మే ట్యూబును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కొనవద్దు. ఏ మనిషి చర్మమూ ముఖమంతటా ఒకే రంగులో ఉండదు, ఆ ట్యూబు ఉన్నంతకాలం మీకు కలపడం అలవాటు కాదు.

పూత, స్కెచ్, మొదటి పొర

తెల్లని కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకండి. తెలుపు పక్కన ఏ రంగు పెట్టినా ముదురుగా తోస్తుంది, అందువల్ల భయపడి అన్నిటినీ లేతగా కలుపుతారు. బర్న్ట్ సియెన్నాలో కొంచెం అంబర్ కలిపి పలచగా కాన్వాస్ అంతా పూసి ఆరనివ్వండి. ఫోటో చూసి వేసేటట్లయితే, ఒక పక్క నుంచి వెలుగు పడిన ఫోటోను ఎంచుకోండి. ఎదురుగా ఫ్లాష్ పడిన ఫోటోలో నీడలు చెరిగిపోయి ఉంటాయి, ఫోటోలో లేనిదానిని బ్రష్ సృష్టించలేదు.

స్కెచ్‌లో కొలతలు ముఖ్యం. తల ఎత్తులో సగం దగ్గర కళ్లు వస్తాయి, రెండు కళ్ల మధ్య సుమారు ఒక కన్ను వెడల్పు ఖాళీ ఉంటుంది, జుట్టు మొదలయ్యే గీత నుంచి కనుబొమలకు, అక్కడి నుంచి ముక్కు చివరకు, అక్కడి నుంచి గడ్డానికి ఉండే దూరాలు ఇంచుమించు సమానం. తరువాత బర్న్ట్ అంబర్ ఒక్కదానితోనే నీడ ప్రాంతాలన్నీ నింపండి. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు మరుగై, పెద్ద వెలుగు, పెద్ద నీడ విడివిడిగా కనిపిస్తాయి. ఈ దశలో ముఖం పోలిక తెలియకపోతే ముందుకు వెళ్లవద్దు.

చర్మపు ఛాయలు

ముందుగా ఈ రంగు స్వభావం తెలుసుకోవాలి. అక్రిలిక్ అంటే నీటిలో తేలియాడే సన్నని అక్రిలిక్ పాలిమర్ కణాల మధ్య పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కలిపి ఉన్న ద్రవం. తడిగా ఉన్నప్పుడు ఆ ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. నీరు ఆవిరైపోగానే కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పారదర్శకమైన పొరగా మారతాయి. ఆ పాలదనం పోయేసరికి రంగు పాలెట్ మీద కనిపించినదానికంటే ముదురుగా తేలుతుంది. ముదురు ఛాయల్లో ఈ తేడా మరీ ఎక్కువ. ప్రకృతి దృశ్యంలో దూరపు కొండ ఒక మెట్టు ముదిరినా అది కొండగానే కనిపిస్తుంది. అదే తేడా బుగ్గ మీద వస్తే వాచినట్టో కమిలినట్టో కనిపిస్తుంది. ల్యాండ్‌స్కేప్‌లు బాగా వేసేవారు కూడా పోర్ట్రెయిట్ దగ్గర తడబడడానికి ఇదే కారణం.

దీనికి విరుగుడు ఒకటే: బొమ్మ మీద బ్రష్ పెట్టకముందే ఛాయలన్నీ కలిపి, ఎండబెట్టి, చూసుకోవాలి. నేను ఐదు ఛాయలు కలుపుతాను, మీరూ ఐదే కలపండి. మూడైతే మధ్యలో అగాధం మిగులుతుంది, ఏడైతే ఏది ఎక్కడిదో గుర్తుండదు. మొదట కలపవలసింది మధ్య ఛాయ. చామనఛాయకు ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా సమంగా తీసుకుని, కాడ్మియం రెడ్ కొద్దిగా, తెలుపు అవసరమైనంత చేర్చి, రంగు మరీ నారింజగా అనిపిస్తే అల్ట్రామెరైన్ బ్రష్ కొసతో అందించండి. నలుపు ఛాయకు సియెన్నా, అంబర్ ప్రధానం, తెల్లని చర్మానికి ఓకర్, తెలుపు ప్రధానం. మధ్య ఛాయ కుదిరాక అందులోంచే తీసి అటు రెండు, ఇటు రెండు చేయాలి గానీ, ఒక్కొక్కటీ కొత్తగా మొదలుపెట్టకూడదు. అప్పుడే ఐదూ ఒకే మనిషి చర్మంలా ఉంటాయి.

లేత ఛాయల కోసం తెలుపు ఒక్కటే కలిపితే చర్మం చల్లబడి సుద్దలా మారుతుంది. తెలుపు కలిపిన ప్రతిసారీ కొంచెం ఓకర్ కూడా చేర్చండి. ముదురు ఛాయల్లోకి కొత్తగా తెలుపును అసలు రానివ్వవద్దు, సియెన్నాతో, అల్ట్రామెరైన్‌తోనే దింపండి. నల్లని చర్మం మీద వెలుగు మెరిసే చోట, కిటికీ నుంచి గానీ ఆకాశం నుంచి గానీ వచ్చే వెలుతురైతే, ఆ మెరుపు నీలి జీర కలిసిన బూడిద రంగులో ఉంటుంది. అక్కడ పసుపుపచ్చని లేత రంగు పెట్టడం ఎక్కువమంది చేసే పొరపాటు.

ఐదు ఛాయలూ సిద్ధమయ్యాక, కాన్వాస్‌కు పూసిన పూతే పూసిన ఒక అట్టముక్క మీద వరుసగా రాసి పూర్తిగా ఆరనివ్వండి. హెయిర్ డ్రైయర్ వాడవచ్చు. ఆరిన వరుసను ఫోటో పక్కన పెట్టి చూసి, ముదిరిన మేరకు పాలెట్ మీది మిశ్రమాన్ని సరిచేసి, మళ్లీ రాసి, మళ్లీ ఆరబెట్టండి. ఆరిన రంగును ఆరిన రంగుతోనే పోల్చాలి. ఈ పనికి గంట పట్టినా పట్టనివ్వండి, విసుగనిపించి దీనిని దాటేసినవారే తరువాత అదే బుగ్గను పదేపదే దిద్దుతూ కూర్చుంటారు. ప్రతి ఛాయా మీకు అవసరమనిపించినదానికి రెట్టింపు కలపండి. మధ్యలో అయిపోయిన ఛాయను సరిగ్గా అలాగే మళ్లీ కలపడం చాలా కష్టం.

ఇప్పుడు వేసే పద్ధతి. ముఖాన్ని గుండ్రని వస్తువుగా కాకుండా, గచ్చులో పరిచిన పలకల్లా చిన్న చిన్న సమతలాలుగా చూడండి. నుదుటి ముందు భాగం ఒక తలం, కణత మరొకటి, బుగ్గ ఎముక పైభాగం ఇంకొకటి. ఏ తలానికి ఏ ఛాయ చెందుతుందో నిర్ణయించుకుని, ఫ్లాట్ బ్రష్‌తో పక్కపక్కన పెట్టుకుంటూ పోండి. ఒకసారి పెట్టిన బ్రష్‌ను అక్కడే అటూ ఇటూ ఆడించవద్దు. ముఖం మొరటుగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

ఆ తరువాత చేయవలసింది ఆగడం. అక్రిలిక్ పొర పైన గట్టిపడి లోపల మెత్తగా ఉండే కొద్ది నిమిషాల కాలం ఒకటి ఉంటుంది, అదే అత్యంత ప్రమాదకరమైన సమయం. అప్పుడు తడి బ్రష్ తగిలితే పై పొర చిరిగి, చుట్టలు చుట్టుకుని లేచి, కింది పూత బయటపడుతుంది. దానిని కప్పాలని మళ్లీ రంగు పూస్తే ఆ గుంట అంచులు శాశ్వతంగా పైకి తేలి ఉంటాయి. పొర ఆరిందో లేదో తెలుసుకోవడానికి వేలి వెనుక భాగాన్ని మృదువుగా ఆనించండి. చల్లగా తగిలితే నీరు ఇంకా ఆవిరవుతోందని అర్థం. గదిలోని మిగతా వస్తువులంత చల్లదనమే తగిలినప్పుడు మాత్రమే తరువాతి పొరకు వెళ్లండి. తప్పు కనిపించినా సరే, ఆరకముందు దిద్దవద్దు.

పొర ఆరాక తలాల అంచులను కలపాలి. రెండు ఛాయల మధ్య ఛాయను పాలెట్ మీదే కలిపి, గ్లేజింగ్ మీడియంతో పలచగా చేసి, అంచు మీదుగా రెండు వైపులకూ కొంచెం సాగేలా పూయండి. ఆరనివ్వండి. అంచు ఇంకా తెలుస్తుంటే మరో పొర వేయండి. బుగ్గ వంటి మెత్తని చోట మూడు నాలుగు పొరలు పడతాయి. పలచన చేయడానికి నీళ్లు ఎక్కువగా వాడవద్దు. నీళ్లు ఎక్కువైతే రంగు కణాలను పట్టి ఉంచే పాలిమర్ పలచబడి పొర బలహీనమవుతుంది, మీడియంలో ఆ పాలిమరే ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

రిటార్డర్ కలిపి రంగును ఆలస్యంగా ఆరేలా చేసుకుని, ఆయిల్‌లాగా తడి మీద తడి కలిపితే సరిపోదా అని వాదించేవారున్నారు. ఆ పద్ధతిని నేను ఒప్పుకోను. రిటార్డర్ సీసా మీద రాసిన మోతాదు దాటితే పొర చాలాసేపు జిగురుగానే ఉండిపోతుంది, దుమ్ము పడుతుంది, పై పొర వేస్తే లేచిపోతుంది. మోతాదు దాటకపోతే దొరికే సమయం బుగ్గను పూర్తిగా మలచడానికి ఎలాగూ చాలదు. త్వరగా ఆరడమే అక్రిలిక్ బలం. ఆయిల్‌లో రోజుల తరబడి ఆగవలసిన గ్లేజులను (పారదర్శకమైన పలచని పొరలను) ఇక్కడ ఒక్క పూటలో వేసుకోవచ్చు, ఒకసారి ఆరిన పొర నీటికి కరగదు కనుక కింది పని చెడుతుందన్న భయం ఉండదు. ఆ బలాన్ని మందు వేసి తగ్గించుకోవడం ఎందుకు?

ఛాయలు కలిసిన తరువాత రంగుల జీరలు చూడండి. నుదురు కొంచెం పసుపు వైపు, బుగ్గలు, ముక్కు, చెవులు ఎరుపు వైపు, మగవారిలో గడ్డం భాగం నీలి బూడిద వైపు మొగ్గుతాయి. వీటిని మీడియంలో ఎంతో పలచగా కలిపి గ్లేజ్‌గా వేయాలి. పూసినట్టు కనిపించిందంటే ఎక్కువైనట్టే.

మిగిలిన భాగాలు

కనుగుడ్డులోని తెలుపును తెల్లగా వేయవద్దు, అది లేత బూడిద రంగు, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది. పళ్లకూ ఇదే వర్తిస్తుంది. వెలుగు పై నుంచి పడినప్పుడు పై పెదవి ముదురుగా, కింది పెదవి లేతగా ఉంటుంది. జుట్టును వెంట్రుకలుగా కాక ముద్దగా వేసి, చివర్లో నాలుగైదు పాయలు విడదీస్తే చాలు. కంటిలోని మెరుపు చుక్క అన్నిటికంటే చివర పెట్టండి.

బ్రష్‌లను పని మధ్యలో కూడా నీళ్లలోనే ఉంచి, ముగియగానే సబ్బుతో కడగండి. లోహపు పట్టీ దగ్గర ఎండిన అక్రిలిక్ బ్రష్‌ను నాశనం చేస్తుంది. వార్నిష్‌కు తొందరపడకుండా కొన్ని వారాలైనా ఆగండి, మందపు పొరలు పైన ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి సమయం తీసుకుంటాయి. మెరుపునిచ్చే గ్లాస్ (gloss) వార్నిష్ ముదురు ఛాయలకు లోతు తెస్తుంది, మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వాటిని కొంచెం పాలిపోయేలా చేస్తుంది. నీడలు ఎక్కువగా ఉన్న పోర్ట్రెయిట్‌కు మెరుపునిచ్చే వార్నిషే వాడండి. మీ ఛాయలు రాసి ఉంచిన అట్టముక్క మీద ముందుగా ఒక పూత వేసి చూసి, ఆ తరువాతే బొమ్మ మీద వేయండి.