ఐడియాలు రావట్లేదా, ఒక ఎండుద్రాక్ష తినండి

బెంగళూరులో మారతహళ్ళి వైపు ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆఫీసు ట్రాఫిక్‌లోనే సగం ఓపిక అయిపోతుంది, ఇక సాయంత్రం కథ రాద్దామన్నా బొమ్మ గీద్దామన్నా ఏం తోస్తుంది? నాకు పనికొచ్చింది ఎండుద్రాక్ష. నవ్వకండి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (అంటే ఇప్పుడు జరుగుతున్నదాని మీదే మనసు పెట్టడం) కోర్సులో మొదట్లోనే చేయించే పని ఇది: ఒక్క ఎండుద్రాక్షను మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి చూసి, వాసన చూసి, మెల్లగా నమలడం.

నేను దీన్ని ఆదివారం పొద్దున లాల్‌బాగ్ తోటలోని బండ మీదికి పట్టుకెళ్ళాను, అంటే ద్రాక్షను కాదు, పద్ధతిని. ఫోన్ జేబులో పడేసి పది నిమిషాలు చుట్టూ వినిపించేది వినడమే, మనసు ఈఎంఐ మీదికి పోతే తిట్టుకోకుండా మళ్ళీ చెవుల దగ్గరికి తెచ్చుకోవడమే. లేచే ముందు విన్నవాటిలో కొత్తగా అనిపించినదాని గురించి ఒక్క వాక్యం రాసుకోండి, బాగుందా లేదా అని మాత్రం చూడొద్దు. మొన్న మా పాపకు చెప్పిన కథ "కాకి గొంతు బొంగురుపోయింది" అన్న పాత ముక్క నుంచే పుట్టింది. రోజూ ఆ బండ ఎక్కక్కర్లేదు, బాల్కనీ చాలు, కాకపోతే పక్కింటి మిక్సీ కూడా లెక్కలోకే వస్తుంది.