మన సైకిల్, మన చేతిపని – 5వ పాఠం: టేపు ఎక్కడ మందంగా ఉండాలి?

పోయిన పాఠంలో రోడ్ సైకిల్ హ్యాండిల్‌బార్‌కి టేపు చుట్టడం నేర్చుకున్నాం. చివర్లో "చేతులు తిమ్మిరెక్కేవాళ్ళు రెండు పొరలు చుట్టుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యమే చాలామందిని ఇబ్బంది పెట్టింది. మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. సగానికి పైగా బార్లు ఆ చివర నుంచి ఈ చివర దాకా రోకలిబండల్లా ఉన్నాయి. తప్పు నాదే. రెండు పొరలు ఎక్కడ, ఒకటి ఎక్కడ అని అప్పుడే చెప్పాల్సింది. ఈసారి బ్రేక్ కేబుళ్ళ పాఠం అనుకున్నాను. దాన్ని పక్కన పెట్టి ముందు ఇది సరిచేద్దాం.

మొదట లెక్క చూడండి. డ్రాప్ బార్, అంటే రోడ్ సైకిల్‌కి ఉండే కిందికి వంగిన హ్యాండిల్‌బార్, స్టెమ్ దగ్గర (బారుని సైకిల్‌కి బిగించే మధ్య చోట) 31.8 మి.మీ. లావున్నా, వంపుల దగ్గర, అంటే మనం పట్టుకునే చోట, సుమారు 24 మి.మీ. ఉంటుంది. 2.5 మి.మీ. టేపుని సగానికి సగం ఎక్కిస్తూ చుడితే ప్రతిచోటా రెండు మందాలు పడతాయి. ఒక పక్క 5, రెండు పక్కలా 10. బారు 34 అయింది. దాని మీద ఇంకో టేపు అలాగే చుడితే 44. లాగి చుడతాం కాబట్టి కొంత తగ్గినా 40కి అటూ ఇటూ తేలుతుంది. ఇంట్లో లావుపాటి చపాతీ కర్ర ఉంటే మధ్యలో పట్టుకుని చూడండి. బొటనవేలు, మధ్యవేలు కలిశాయా? కలవకపోతే ఆ కర్ర జారకుండా ఉండటానికి చెయ్యి ఎప్పుడూ బిగపట్టే ఉంచాలి. గంటల తరబడి అలా బిగపడితే ముంజేయి పట్టేస్తుంది, అరచేయి మరింత నొక్కుకుంటుంది. పైగా డ్రాప్స్, అంటే బారు కింది వంపులు, పట్టుకున్నప్పుడు బ్రేక్ లివర్ వేళ్ళకి దూరమవుతుంది. అది సౌకర్యం మాట కాదు, ప్రాణం మాట.

విజయవాడ నుంచి ఒకావిడ రాశారు: ఇంతకుముందు 60 కిలోమీటర్ల దగ్గర మొదలయ్యే తిమ్మిరి, రెండు పొరలు వేశాక 35 దగ్గరే మొదలవుతోందట. ఆవిడ చేతులు చిన్నవి. ఆవిడకి నా జవాబు ఇదే: పై పొర విప్పెయ్యండి, ఈ పాఠం చివరిదాకా చదివి అప్పుడు చుట్టండి.

ప్యారిస్-రూబే పందెంలో రెండు పొరలు చుడతారు కదా అని అడిగినవాళ్ళకి: అక్కడ 50 కిలోమీటర్లకి పైగా రాళ్ళు పరిచిన దారి ఉంటుంది, అది ఒక్కరోజు పందెం. మనది రోజూ తారు రోడ్డు, మధ్యలో స్పీడ్ బ్రేకర్లు. అవసరం వేరు.

ఇప్పుడు అసలు సంగతి. ఉత్తరాల్లో నన్ను బాగా విసిగించిన మాట "చేతులు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నది. ఏ వేళ్ళు? ఒక్కరు కూడా రాయలేదు. అది తెలియకుండా టేపు కింద ప్యాడ్ ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేరు. నిదానంగా చెబుతాను, దయచేసి చేత్తో తాకి చూసుకుంటూ చదవండి.

కుడి అరచేయి పైకి తిప్పండి. మణికట్టు గీత మీద చిటికెన వేలి వైపు ఎడమ బొటనవేలితో నొక్కండి. బఠాణీ గింజంత ఎముక తగులుతుంది. అక్కడి నుంచి చూపుడు వేలి మొదలు వైపు ఏటవాలుగా, రెండు సెంటీమీటర్ల దూరంలో, కొంచెం గట్టిగా నొక్కితే లోపల ఇంకో ఎముక కొక్కెంలా తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య సందులోంచి అల్నార్ నరం పోతుంది. ఈ సందుని 1861లో వర్ణించిన ఫ్రెంచ్ వైద్యుడు గియాన్ పేరుతోనే వైద్యులు దీన్ని పిలుస్తారు. ఇక్కడ నరానికి పైన కాపుగా కండ చాలా తక్కువ. హుడ్స్, అంటే బ్రేక్ లివర్ల మీది రబ్బరు తొడుగులు, పట్టుకుని ముందుకి వాలినప్పుడు మన బరువు సరిగ్గా ఇక్కడే పడుతుంది. అప్పుడు తిమ్మిరెక్కేవి చిటికెన వేలు, దాని పక్కన ఉంగరం వేలిలో సగం. వైద్యులు సైక్లిస్టుల పేరు పెట్టి చెప్పే జబ్బు ఇదే.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం. మణికట్టు మధ్యలోంచి పోయే మీడియన్ నరం. దానికి ముఖ్య కారణం మణికట్టు వెనక్కి వంగి ఉండటం. ఎంత మెత్తని టేపు చుట్టినా మణికట్టు వంపు పోదు. బ్రేక్ లివర్ కాస్త పైకి తిప్పి, ముంజేయీ చేతి వెనక భాగమూ ఒకే గీతలోకి వచ్చేలా చేసుకోండి. ఈ రకం వాళ్ళు టేపు మీద డబ్బులు పెట్టకండి.

ఐదు వేళ్ళూ అంటారా? చాలాసార్లు అది సీటు తప్పు. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే మనిషి ముందుకి జారుతూనే ఉంటాడు, ఆ జారడాన్ని చేతులు ఆపుతుంటాయి. తాపీమేస్త్రీ రసమట్టం సీటు మీద పెట్టి చూడండి. ముందు చక్రంలో గాలి కూడా చూసుకోండి. 28 మి.మీ. టైరుకి 70 కిలోల మనిషి 100 పీఎస్‌ఐ కొట్టాల్సిన పని లేదు. 70 దగ్గర మొదలుపెట్టండి.

ఒక హెచ్చరిక. తొక్కడం ఆపాక మర్నాటికీ తిమ్మిరి పోకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు మాట వినకపోయినా, టేపు వదిలేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇక మొదటి రకం వాళ్ళ సంగతి, చిటికెన వేలు. మన టేపు పని వీళ్ళకే. చాలామంది చేసే పని, నొక్కుకునే చోటే మెత్తటి జెల్ ముక్క పెట్టడం. నేనూ రెండేళ్ళు అలాగే చేశాను. మెత్తటిది కాసేపటికి నలిగి ఆ సందులోకే దూరి, నరాన్నే నొక్కుతుంది. బరువు మోయాల్సింది నరం పక్కన ఉన్న కండ. బొటనవేలి మొదట్లో బొద్దుగా ఉండే కండ చూడండి, అది ఎంత బరువైనా మోస్తుంది. దాని కింద ఎత్తు పెంచితే నరం మీద బరువు తగ్గుతుంది.

ఆ కండ బారు మీద ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి బడిపిల్లల సుద్దముక్క చాలు. సైకిల్‌ని గోడకి ఆనించి, ఇంకొకరిని పట్టుకోమని, అరచేతికి సుద్ద పూసుకుని ఎక్కండి. మామూలుగా హుడ్స్ పట్టుకుని ముందుకి వాలి, పదంకెలు లెక్కపెట్టి చేతులు తియ్యండి. నల్ల టేపు మీద రెండు తెల్ల మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. నా బారు మీద హుడ్ రబ్బరు అయిపోయిన చోటి నుంచి రెండు వేళ్ళ వెడల్పు వెనక్కి, బయటి అంచున రూపాయి బిళ్ళంత దట్టమైన మచ్చ, లోపలి అంచున పల్చటి పొడుగు మచ్చ. దట్టమైనది నరం చోటు. ప్యాడ్ పడాల్సింది పల్చటి మచ్చ మీద. బయటి అంచుని అలాగే వదిలెయ్యాలి.

ప్యాడ్ కోసం నేను జెల్ కొనను. పంక్చర్ షాపులో పారేసే పాత ట్యూబ్ చాలు. 8 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు ఒక ముక్క, దాని మీదికి 6 సెం.మీ. ముక్క ఇంకోటి. అంచులు ఉప్పు కాగితంతో రుద్దండి, లేకపోతే టేపు మీద గట్టులా తేలుతాయి. రెండు చివర్లా ఇన్సులేషన్ టేపుతో అంటించండి. ట్యూబ్ జెల్ కంటే గట్టిది, ఎక్కువ నలగదు, అందుకే నాకు ఇష్టం.

దీని మీద టేపు ఒక్కటే పొర. రెండో పొర కావాలంటే టాప్స్ మీద మాత్రం, అంటే బారు పైన అడ్డంగా ఉండే భాగంలో, స్టెమ్‌కి రెండు పక్కలా. అక్కడ అరచేయి పరుచుకుని ఉంటుంది, బ్రేక్ పట్టే పని లేదు. డ్రాప్స్‌లో రెండు పొరలు వద్దే వద్దు.

వంపు బయటి పక్క సందు పడిందని నలుగురైదుగురు రాశారు. లోపలి పక్క సగం కంటే ఎక్కువ ఎక్కిస్తే బయట మూడో వంతైనా మిగులుతుంది. సందు పడితే టేపుని ఇంకా లాగకండి. లాగితే 3 మి.మీ. టేపు 2 అవుతుంది, కొన్న మెత్తదనం మీ చేత్తోనే పోతుంది. రెండు చుట్లు విప్పి మళ్ళీ చుట్టండి.

టేపు ఎటు తిప్పాలన్న ప్రశ్న కూడా వచ్చింది. డ్రాప్స్‌లో చేయి బయటికి తిరుగుతుంది కాబట్టి టేపు పైనుంచి బయటికి పోవాలి. టాప్స్ మీద చేయి మన వైపు లాగుతుంది కాబట్టి అక్కడ పైనుంచి మన వైపు రావాలి. మధ్యలో దిశ మారాలంటే లివర్ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పాలి. నేను అలాగే చేస్తాను.

అభ్యాసం. ఒక్క కుడి పక్కే కొత్త పద్ధతిలో చుట్టండి. ఎడమ పక్క పాతదే ఉంచండి. ఒకే దారిలో నాలుగు ఆదివారాలు, కనీసం 50 కిలోమీటర్ల చొప్పున తొక్కండి. తిమ్మిరి మొదలైన కిలోమీటరు, ఏ చెయ్యి, ఏ వేళ్ళు అన్నది ఆగి అప్పటికప్పుడు రాసుకోండి, ఇంటికొచ్చాక గుర్తుండదు. రెండో ఆదివారం తర్వాత కుడి పక్క టేపు విప్పి, ప్యాడ్ ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్ళీ చుట్టండి. జిగురు పోయినా పర్వాలేదు, చివర ఇన్సులేషన్ టేపు గట్టిగా పడితే చాలు. నాలుగు వారాల రాత ఉన్నవాళ్ళే నాకు పంపండి. పంపేటప్పుడు సుద్ద మచ్చల ఫొటో, హుడ్ రబ్బరు అంచు కనిపించేలా తీసింది, తప్పకుండా జత చెయ్యండి.