తెలుగు మాట్లాడే బొమ్మకు పెదాలు కలిపిన వైనం

మా చాట్‌బాట్‌కి గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక త్రీడీ ముఖం పెట్టాను. గొంతు పెరిగితే నోరు తెరవాలి, తగ్గితే మూయాలి. చాలామంది మొదలుపెట్టేది ఇలాగే. కానీ "అమ్మ" అన్నప్పుడు పెదాలే కలవలేదు! మ్మ పలికేటప్పుడు శబ్దం ముక్కులోంచి వస్తూనే ఉంటుంది కాబట్టి వాల్యూమ్ సున్నాకి దిగదు, నోరు సగం తెరిచే ఉంటుంది. అచ్చం డబ్బింగ్ సీరియల్.

అందుకని వాల్యూమ్‌ని వదిలేసి టెక్స్ట్‌నే పట్టుకున్నాను. తెలుగు దాదాపు రాసినట్టే పలుకుతాం కనుక ఉచ్చారణ నిఘంటువు అక్కర్లేదు. ప, ఫ, బ, భ, మ యూనికోడ్‌లో వరసగా ఉంటాయి. వీటిలో ఏది వచ్చినా పెదాలు మూసే బ్లెండ్ షేప్ (ముఖం ఆకారాన్ని 0 నుంచి 1 దాకా మార్చే మీట లాంటిది) విలువ 1. అచ్చులకు వేరే షేపులు. ప్రతి మాట ఎప్పుడు మొదలవుతుందో టెక్స్ట్‌ని గొంతుగా మార్చే వాయిస్ సర్వీసే చెబుతుంది. మాట లోపలి సమయాన్ని మాత్రల లెక్కన పంచాను: హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. బడిలో బట్టీపట్టిన ఛందస్సు ఇక్కడ అక్కరకొచ్చింది.

తీరా చూస్తే పెదాలు గొంతుకంటే ముందు, అదీ కుదుపులతో కదిలాయి. ప్లేబ్యాక్ పొజిషన్ (ఆడియో ఎంతవరకు వచ్చిందో గోడో చెప్పే లెక్క) ఒక్కటే చూస్తే అంతే. గోడోలో శబ్దాన్ని ముక్కలుగా సిద్ధంచేసే ఆడియో సర్వర్ చివరిసారి మిక్స్ చేసి ఎంతసేపైందో దానికి కలిపి, అవుట్‌పుట్ లేటెన్సీ (శబ్దం స్పీకర్ దాకా చేరేందుకు పట్టే ఆలస్యం) తీసేస్తే కుదిరింది.

ఇక మిగిలిన తలనొప్పి సున్న. "కంప", "పుస్తకం"లో పెదాలు కలవాలి, "గంట"లో కలవకూడదు. క, చ, ట, త వర్గాల ముందు వదిలేసి, మిగతా చోట్ల మూసేయమని షరతు రాశాను. బాట్ ఇచ్చే అంకెల్ని మాత్రం ముందే అక్షరాల్లోకి మార్చుకోవాలి.