గీజరు పెట్టిన వేడి దగ్గర ఆగకపోతే

తిరుపతిలో గీజరు గుర్తొచ్చేది ధనుర్మాసం చలికే. నాబ్ 50 మీదే ఉన్నా ట్యాపులో పొగలు కక్కే నీళ్లు వస్తున్నాయంటే, వెంటనే థర్మోస్టాట్ (నీళ్లు పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపే భాగం) కొనుక్కురాకండి. ముందు కొలవండి. రెండు చెంబుల నీళ్లు వదిలేసి, మూడో చెంబులో 100 డిగ్రీల దాకా చూపే వంటింటి థర్మామీటరు ముంచండి. జ్వరం చూసేది 42తో ఆగిపోతుంది, పనికిరాదు. 50కి 55 వస్తే పట్టించుకోనక్కర్లేదు. 65 దాటితే లోపమే. మేడమీది సోలార్ నీళ్లు గీజరులోకే వచ్చేలా పైపు కలిపి ఉంటే మాత్రం గీజరు ఆపేసి కొలవండి. వేడి అక్కడినుంచే రావచ్చు.

తర్వాత ఇంట్లో అన్నీ ఆపి గీజరు ఒక్కటే వేసి, కరెంటు మీటరు మీది ఎర్రలైటు చూడండి. 2000 వాట్ల కాయిల్ నడుస్తుంటే అది టకటకా కొట్టుకుంటుంది, కట్ అవగానే ఆగుతుంది. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 18 నిమిషాలు, 25 లీటర్లకైతే అరగంట పడుతుంది. గీజరు మీది లైటు కంటే మీటరు మాటే నమ్మండి.

మీటరు ఆగుతోంది గానీ ఆలస్యంగా ఆగుతోందంటే థర్మోస్టాట్‌కు వేడి సరిగా అందడం లేదు. బోరు నీళ్లు వాడే అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే: థర్మోస్టాట్ పుల్ల దూరే గొట్టం చుట్టూ సున్నం గట్టిగా పేరుకుపోతుంది. సన్నని రాగి తీగ చివర బల్బు ఉండే రకమైతే ఆ బల్బు గొట్టంలోంచి జారి బయట వేలాడుతుంటుంది. అది చూసేది గాలి వేడిని, నీళ్ల వేడిని కాదు. అడుగుదాకా తోసి క్లిప్పు పెడితే ఖర్చు లేకుండా పని అయిపోతుంది.

మీటరు అసలు ఆగకపోతే ఎంసీబీ (గీజరు లైనుకు కరెంటు ఆపే బోర్డు మీది స్విచ్) దించి, టెస్టర్‌తో చూసుకుని, మూత విప్పండి. థర్మోస్టాట్ తీసి, తక్కువ వేడి మీద పెట్టి, కరెంటు దారి కలిసి ఉంటే బీప్‌మనే సెట్టింగులో మల్టీమీటరు తగిలించి, పుల్లను 70 డిగ్రీల నీళ్లలో ముంచండి. కాసేపట్లో టక్‌మని శబ్దం వచ్చి బీప్ ఆగాలి. ఆగలేదంటే లోపలి పాయింట్లు కాలి అతుక్కుపోయాయి, మార్చాల్సిందే. కొత్తదాని పుల్ల పొడవు పాతదానంతే ఉండాలి.

టక్‌మంది, బీప్ ఆగింది, అయినా గీజరులో వేడెక్కుతూనే ఉందా? వైర్లు చూడండి. ఎవరో థర్మోస్టాట్‌ను వదిలేసి డైరెక్ట్ చేసి ఉండొచ్చు. లేదా థర్మోస్టాట్ ఫేజు (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్‌లో (తిరిగి పోయే వైరులో) పడి, కాయిల్ పగిలి ఎర్త్ అవుతుండొచ్చు. అప్పుడు థర్మోస్టాట్ తెరుచుకున్నా కరెంటు ఎర్త్ దారిన పోతూనే ఉంటుంది. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉన్న ఇంట్లో అది ముందే పడిపోతుంది. లేని ఇంట్లో ట్యాపు ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వైర్లు విప్పాక కాయిల్ రెండు చివర్ల మధ్య సుమారు 26 ఓములు రావాలి. చివరకూ ట్యాంకు బాడీకీ మధ్య ఏ రీడింగూ రాకూడదు.

సున్నం తీయాలంటే నీళ్ల వాల్వు కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, కాయిల్ విప్పండి. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, వైర్లు తగిలించే చివరలు తడవకుండా గంటసేపు నాననివ్వండి. నురగ ఆగితే పని అయినట్టే. స్క్రూడ్రైవరుతో గీకితే కాయిల్ పైపొర పోతుంది. పాత రబ్బరు వాషరు మళ్లీ వేయకండి, కారుతుంది. స్విచ్ వేసే ముందు వేడినీళ్ల ట్యాపులో ధార తెగకుండా రావాలి. ఖాళీ ట్యాంకులో కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది.

నీళ్లు మరీ వేడెక్కితే 90 డిగ్రీలకు అటూఇటూగా పడి కరెంటు ఆపే కటౌట్‌ను రోజూ నొక్కి నెట్టుకురావద్దు. అది థర్మోస్టాట్ బదులు పని చేయడానికి పెట్టింది కాదు. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే వదిలేసే సేఫ్టీ వాల్వు చుక్కలు కారుస్తోందని దానికి డమ్మీ బిగించి మూసేసే మేస్త్రీని మాత్రం గీజరు దగ్గరికే రానివ్వకండి.