శ్రావణం రాకముందే తిరుపతి రియల్ ఎస్టేట్ ఏజెంట్లు చూసుకోవలసినవి

ఆషాఢం వెళ్లగానే రేణిగుంట, తిరుచానూరు, కరకంబాడి వైపు ప్లాట్లు చూసే పార్టీలు పెరుగుతాయి. సగం మందికి తొందర, సగం మందికి ఎటూ తేలదు.

• పార్టీ ఎంత తొందరపెట్టినా ఈసీ (ఆస్తిపై పాత లావాదేవీలు చూపే పత్రం), 22-ఏ నిషేధిత జాబితా చూడకుండా టోకెన్ (బయానా) ఇప్పించకండి. మన దగ్గర డీకేటీ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన పట్టా భూములు), మఠం భూముల చిక్కులు ఉన్నాయి. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు, ఓనర్ చేతికి వెళ్లిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. "ముహూర్తం దాటిపోతోంది" అని కోప్పడితే కోప్పడనివ్వండి.

• టోకెన్ 20 వేలు, ఆపైన అయితే బ్యాంకు ద్వారానే. నగదుగా తీసుకున్న వారికి ఆదాయపు పన్ను చట్టం కింద అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

• రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికి వచ్చే వెంచర్ అయితే, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతం మించి తీసుకోకూడదు. తొందరలో ఉన్న పార్టీకి ఇది మీరే చెప్పాలి.

• ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో మొదటి రోజే అడగండి. కొడుకు బెంగళూరులో ఉంటాడు, వాస్తు చూసే పెద్దాయన చివర్లో వచ్చి వీధిపోటు అంటారు. అందరూ మొదటి సైటుకే వస్తే మీకూ వాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది.

• తేల్చుకోలేని వాళ్లకు మూడు సైట్లు చాలు. నాలుగోది చూపిస్తే మొదటిది మళ్లీ చూస్తామంటారు.

• ఓనర్ చెప్పిన గడువు తేదీని పార్టీకి వాట్సాప్‌లో రాసి పంపండి. లేని గడువు మాత్రం చెప్పకండి.