అమెరికా డెలిగేట్ల లెక్క ఇంట్లో కూర్చుని వేసుకునేదెట్లా

2008 ఫిబ్రవరి 6 పొద్దున న్యూజెర్సీ నుంచి మా పెద్దోడు ఫోన్ చేసి, "నాయనా, మా స్టేట్‌లో హిల్లరీ గెలిచింది" అన్నాడు. డెమొక్రటిక్ పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునేందుకు రాష్ట్రాల వారీగా పెట్టే ఎన్నిక అది, ప్రైమరీ అంటారు. పోటీ హిల్లరీ క్లింటన్‌కూ ఒబామాకూ. తేడా లక్ష ఓట్లు దాటింది. "గెలిచింది సరే, ఆమె పేరున డెలిగేట్లు ఎన్ని జమ పడినాయి?" అని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. డెలిగేట్లంటే కన్వెన్షన్ అనే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు.

నేను ఆదోని యార్డులో ఒక కమీషన్ మండీలో ముప్పై ఏళ్లకు పైగా పద్దులు రాసినాను. కాబట్టి జమ తెలియందే నాకు నిద్ర పట్టదు. తర్వాత తేలిన లెక్క ఇది: న్యూజెర్సీలో హిల్లరీకి 59, ఒబామాకు 48, అంటే ఆమెకు 11 ఎక్కువ. అదే రోజు ఐడహో అనే చిన్న రాష్ట్రంలో కాకస్, అంటే పార్టీ వాళ్లు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సభ, జరిగింది. ఓటేసేందుకు వచ్చినవాళ్లు మొత్తం కలిపి 21 వేల మంది. అక్కడ ఒబామాకు 15, హిల్లరీకి 3, అంటే అతనికి 12 ఎక్కువ. పెద్ద రాష్ట్రంలో లక్ష ఓట్లతో ఆమె సంపాదించిన ఆధిక్యం ఐడహో కాకస్ ఒక్కదానితో చెల్లిపోయింది. ఓటింగుకు మూడు రోజుల ముందు ఒబామా అక్కడి బోయిసీ ఊరికి వెళ్లి సభ ఎందుకు పెట్టినాడో నాకు అప్పుడు అర్థమైంది.

2028 మొదట్లో ప్రైమరీలు మళ్లీ వస్తాయి. లెక్క సొంతంగా వేసుకోవాలనుకునేవాళ్లు ఒక రూళ్ల నోటుబుక్కు తెచ్చుకోండి. మొదటి పేజీలో గెలవడానికి కావలసిన అంకె రాయండి. 2016లో రిపబ్లికన్లకు మొత్తం డెలిగేట్లు 2,472, కావలసింది 1,237. ప్రతి రాష్ట్రం ఫలితం తర్వాత చూడాల్సింది ఆ అంకెకు ఇంకా ఎంత దూరం ఉందన్నదే. టీవీలో రాష్ట్రం రంగు మారినంత మాత్రాన నోటుబుక్కులో ఏమీ రాయకండి.

ఇక అసలు సంగతి పంపకం. డెమొక్రటిక్ పార్టీలో ఓట్ల నిష్పత్తిని బట్టి డెలిగేట్లు ఇస్తారు. రాష్ట్రమంతటికీ కలిపి కొన్ని ఉంటాయి, ఎక్కువ భాగం మాత్రం చిన్న చిన్న నియోజకవర్గాల వారీగా పంచుతారు. ఒక్కో చోట నాలుగో, అయిదో, ఆరో ఉంటాయి. దీన్ని బుడ్డల బస్తాలనుకోండి. నాలుగు బస్తాలున్నాయి, పొత్తుదార్లు ఇద్దరు, వాటాలు 60, 40. బస్తా కుట్టు విప్పకూడదని షరతు. ఎట్లా పంచుతారు? చెరి రెండు. 60 వాటా ఉన్నవాడికి మూడో బస్తా రావాలంటే వాటా 62.5 దాటాలి. అదే అయిదు బస్తాలుంటే 51 వాటా ఉన్నవాడికే మూడు వస్తాయి, రెండోవాడికి రెండు. అంటే సరిసంఖ్య ఉన్న చోట సగం మీద పది శాతం ఎక్కువ వచ్చినా వృథా పోవచ్చు. బేసిసంఖ్య ఉన్న చోట సగం మీద ఒక్క శాతానికే ఒక డెలిగేటు ఎక్కువ దక్కుతుంది. మీ నోటులో ప్రతి నియోజకవర్గం పక్కన సరి, బేసి అని గుర్తు పెట్టుకోండి. తెలివైన ప్రచారం బేసి చోట్ల డబ్బు పెడుతుంది.

పంచేముందు ఇంకొకటి చేయాలి. డెమొక్రాట్లలో 15 శాతం రానివాళ్లను లెక్కలోంచి తీసేస్తారు. అయిదు డెలిగేట్లున్న చోట నలుగురికి 40, 32, 14, 14 వచ్చినాయనుకుందాం. ఆ రెండు 14లనూ కొట్టేయండి, మిగిలింది 72. 40ని 72తో భాగించి అయిదుతో గుణిస్తే 2.78. రెండోవాడికి 2.22. ముందు చెరి రెండు ఇస్తారు, మిగిలిన ఒకటి పెద్ద శేషం ఉన్నవాడికి. మూడు, రెండు. ఆ 28 మంది ఓట్లు ఎవరికీ డెలిగేటుగా మారలేదు. నన్నడిగితే ఈ కోత అవసరమే. కానీ 15 శాతం మరీ ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

రిపబ్లికన్ల దగ్గర ఈ పద్ధతి మొత్తం మారిపోతుంది, రాష్ట్రానికో రూలు. 2016 మార్చి 15న ఫ్లోరిడాలో రెండు పార్టీలకూ ఒకే రోజు ఓటింగు జరిగింది. ట్రంప్‌కు నూటికి దాదాపు 46 వచ్చినాయి, ఉన్న 99 డెలిగేట్లూ అతనికే. హిల్లరీకి నూటికి 64 వచ్చినాయి, 214లో ఆమెకు దక్కింది 141. గెలిచినవాడిదే అంతా అనే రూలు ఉంటే, పోటీలో మనుషులు ఎంతమంది ఎక్కువైతే ముందున్నవాడికి అంత లాభం.

కాబట్టి రాష్ట్రం పేరు రాసేటప్పుడే దాని పక్కన ఆ ఏడాది రూలు కూడా రాయండి. పాత నోటు చూసి దించుకోవద్దు. కాలిఫోర్నియా రిపబ్లికన్లు 2023 జూలైలో రూలు మార్చినారు, సగం దాటినవాడికి 169 డెలిగేట్లూ పోయేట్టు. 2024 మార్చిలో ట్రంప్‌కు అవన్నీ వచ్చినాయి. ఓటరు బూతుకు పోకముందే, ఏడు నెలల వెనక, లెక్కలో సగం తేలిపోయింది. మా టీ బంకు దగ్గర "ఏమప్పా, ఈసారి ఎవరు?" అని అడిగేవాళ్లకు నేను ముందు రూలు ఏమిటో చెప్పేది ఇందుకే.

తేదీకి కూడా రూలుంది. 2008లో ఫ్లోరిడా, మిషిగన్ పార్టీ ఒప్పుకున్న తేదీకి ముందే ఓటింగు పెట్టుకున్నాయి. డెమొక్రటిక్ పార్టీ ఆ రెంటి డెలిగేట్లనూ మొదట పూర్తిగా తీసేసింది, మే 31న సగం విలువ ఇచ్చింది, పోటీ ముగిశాక కన్వెన్షన్‌లో పూర్తిగా తిరిగిచ్చింది. ఇట్లాంటి పద్దును విడిగా రాసుకోండి, మొత్తంలో కలపకండి.

సూపర్ డెలిగేట్లకు, అంటే ఓట్లతో పని లేకుండా పదవి వల్ల డెలిగేట్లయ్యే డెమొక్రటిక్ పార్టీ పెద్దలకు, ఇప్పుడు ఒక్క గడి చాలు. 2018లో రూలు మార్చిన తర్వాత, గట్టి పోటీ ఉంటే వాళ్లు మొదటి విడత ఓటింగులో ఓటెయ్యరు. ఒకప్పుడు పార్టీ పెద్దల చేతుల్లోనే అంతా ఉండేది. 1968లో హంఫ్రీ అనే నాయకుడు ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండా డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి అయినాడు. ఆ కన్వెన్షన్ గొడవ తర్వాతే ఈ ప్రైమరీల కాలం మొదలైంది.

చివరి గడి పెన్సిలుతో రాయండి. డెలిగేటు అంటే కాగితం మీద అంకె కాదు, షికాగోలోనో ఇంకెక్కడో కుర్చీలో కూర్చునే మనిషి. డెమొక్రాట్ల రూలు తమను పంపిన ఓటర్ల మనసును మనస్సాక్షితో చూపించమంటుంది, చేతులు కట్టేయదు. 2024లో నా నోటులో బైడెన్ గడిని నేను పెన్నుతో నింపినాను. జూలై 21న ఆయన తప్పుకున్నాడు. ఆ గడి కొట్టేసి, పక్కన ఖాళీ లేక, మార్జిన్‌లో కమలా హారిస్ పేరు రాసుకోవాల్సి వచ్చింది.