పాత బడి ల్యాప్‌టాప్‌లలో ఆటోమేటిక్‌గా ఓఎస్ ఎక్కించే ముందు

ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్)ను దానంతట అదే ఎక్కించే ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ మనల్ని ఏమీ అడగదు. సుఖమూ అదే, ప్రమాదమూ అదే. తప్పు డిస్క్ పేరు రాస్తే నిమిషంలో చెరిపేస్తుంది.

అందుకే ముందు చూడాల్సింది డిస్క్ పేరే. చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండేది ఈఎమ్ఎమ్‌సీ (బోర్డుకే అతికించిన ఫ్లాష్ నిల్వ). లినక్స్‌లో అది 'ఎస్‌డీఏ'గా కాక 'ఎమ్ఎమ్‌సీ బ్లాక్' పేరుతో కనిపిస్తుంది. 'ఎస్‌డీఏ' అని రాసిపెడితే, మీరు గుచ్చిన పెన్‌డ్రైవే చెరిగిపోవచ్చు! పేరు బదులు సైజు, మోడల్ చూసి ఎంచుకునేలా రాయండి.

క్రోమ్‌బుక్‌లైతే ఇంకో చిక్కు. డెవలపర్ మోడ్ (వేరే ఓఎస్ ఎక్కించడానికి వీలిచ్చే సెట్టింగ్) ఆన్ చేయగానే లోపలి ఫైళ్లన్నీ పోతాయి, కాబట్టి పిల్లల పనులు ముందే కాపీ చేసుకోండి. సంస్థ నిర్వహణలో ఉన్న మెషీన్ అయితే అడ్మిన్ చేత ముందు విడుదల చేయించాలి. ఫర్మ్‌వేర్ (మెషీన్‌ను బూట్ చేసే లోపలి సాఫ్ట్‌వేర్) మారుస్తుంటే పాతదాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఇది మాత్రం బద్ధకించకండి.

మిగతావి త్వరగా చూసేయొచ్చు:
- ఛార్జర్ తగిలించే ఉంచండి.
- ఐఎస్ఓ (ఓఎస్ ఇన్‌స్టాల్ ఫైల్) చెక్‌సమ్ (ఫైల్ పాడవలేదని తేల్చే కోడ్) సరిచూడండి.
- 32 జీబీ డిస్క్‌లో ఓఎస్ పోను ఎంత మిగులుతుందో లెక్కేయండి.
- వైఫై డ్రైవర్‌ను ఇమేజ్ (ఎక్కించే ఓఎస్ ప్రతి)లోనే కలపండి.

ఒకే ఇమేజ్‌ను అన్నింట్లో కాపీ చేస్తుంటే హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో మెషీన్ పేరు), మెషీన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు మెషీన్‌ను గుర్తించే కీలు) మొదటి బూట్‌లో కొత్తగా పుట్టేలా చూడండి. లేదంటే నెట్‌వర్క్‌లో అన్నీ కవలలే. స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్‌ను నేరుగా రాయకుండా హాష్ (వెనక్కి తిప్పి చదవలేని రూపం) పెట్టండి.

ముందు ఒక్క మెషీన్, తర్వాత మూడు. అవి రెండు రోజులు టెన్షన్ పెట్టకుండా నడిచాకే మిగతావి.